ఉమ్మడి కారుకు నేతి వైద్యం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక కారు చచ్చిపోతుంది. మా తాత చేతికర్ర రెండు ముక్కలవుతుంది. కోర్టుకని చలువ చేయించిన తెల్లబట్టలు చాకలి కూడా పేరు పెట్టలేని రంగుకు తిరుగుతాయి. ఇద్దరు పెద్దమనుషులు నన్ను తిట్టిన తిట్లలో సగం రాయడానికి పనికిరావు, తక్కిన సగం రాసినా మీరు నమ్మరు. ఇంత నాశనానికీ మూలం ఇంజనులోంచి వచ్చిన ఒక చిన్న కీచుమోత, దానికి నేను చెప్పిన పెద్ద కారణం. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు మండుతుంది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు. బస్సులు పెట్రోలు సంగతే మరిచిపోయి, వీపున బొగ్గుల పొయ్యి కట్టుకుని, దగ్గు పట్టిన ముసలాళ్ళలాగా ఆయాసపడుతూ నడిచేవి. అలాంటి రోజుల్లో తిరుపతిలో మా మేనమామలకు ఒక కారుండేది. మామలు ఇద్దరు. పెద్దమామ భారీ మనిషి, నడుస్తుంటే ధాన్యం బస్తాకు కాళ్ళొచ్చినట్టుండేది. చిన్నమామ బక్కపలచన, ఎండుమిరపకాయ లాంటివాడు. రంగూ అదే, ఘాటూ అదే.

తాత పోగానే అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. నట్టింట గోడ లేచింది. చెంబులూ గిన్నెలూ లెక్క తేలాయి. చంద్రగిరి దగ్గరున్న మామిడితోపు కాడ మాత్రం పంపకం తెగలేదు. ఎవరి వైపు చెట్లు తియ్యన, ఎవరి వైపు పులుపు అన్న దగ్గర మొదలై, మాటా మాటా పెరిగి, చిత్తూరు కోర్టుకెక్కింది. తాత కారు కూడా ఆ దావాలోనే ఇరుక్కుంది. తీర్పు వచ్చేదాకా అది ఉమ్మడి ఆస్తి. అమ్మడానికి లేదు, ఒకరే వాడుకోవడానికి లేదు.

"వాయిదాకు రైల్లో పోరాదా, హాయిగా?" అని మీరడుగుతారు. రైలుండేది. తిరుపతిలో ఎక్కితే చిత్తూరులో దించేది. కాని రైలెక్కినవాడు కారు మీద హక్కు వదులుకున్నట్టేనని ఇద్దరి వకీళ్ళూ ఇద్దరి చెవుల్లో నూరిపోశారు. ఒకరి కూపన్లతో చిత్తూరు చేరడం కుదరదు. అందుకని బద్ధశత్రువులిద్దరూ కూపన్లు కలిపి, ఒకే కారులో, ఒకరి మీద ఒకరు వేసుకున్న దావాకు బయలుదేరేవాళ్ళు. ప్రపంచంలో ఇంకెక్కడా చూడని ఈ వింత మా ఇంట్లో జరిగేది.

ఆ కారు నడిపేది నేను. వాళ్ళక్క కొడుకును కాబట్టి ఇద్దరికీ సమానంగా మేనల్లుణ్ణి, అంటే ఇద్దరికీ సమానంగా లోకువ. పైగా నేను కొన్నాళ్ళు మద్రాసులో ఉండొచ్చాను. మోటారు పని నేర్చుకున్నానని ఊళ్ళో చెప్పుకున్నాను. నిజం మీకు చెబుతాను. నేను నేర్చుకోవడానికి వెళ్ళింది టైపు. టైపు నేర్పే మేడ కిటికీలోంచి చూస్తే ఎదురుగా మోటారు షెడ్డు కనిపించేది. వేళ్ళు టైపు మీద, కళ్ళు షెడ్డులో. ఆఖరికి టైపూ రాలేదు, మోటారు పనీ రాలేదు. రెంటికీ చెడ్డ రేవడికైనా ఒక చాకలివాడుంటాడు, నాకదీ లేదు. కారు తోలడం మాత్రం వచ్చింది. బేరింగు, గ్యాస్కెట్టు, పిస్టను అనే మాటలు నాలుక మీద ఆడుతుండేవి. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి అంతకంటే ప్రమాదకరమైన చదువు ఇంకొకటి లేదు.

వేసవి సెలవుల తరవాత కోర్టు తెరిచారు. వాన చుక్క ఇంకా పడలేదు. ఆ ఉదయం ఇద్దరు మామలూ మల్లెపూవుల్లాంటి బట్టలు కట్టుకుని వచ్చారు. ఆ రోజు ఇద్దర్నీ బోనెక్కించి విచారిస్తారనీ, రానివాడి పని అయిపోయినట్టేననీ వకీళ్ళు కబురు పెట్టారు. ఒకడు ముందు సీటులో కూర్చుంటే రెండోవాడు ఒప్పుకోడు. కాబట్టి ఇద్దరూ వెనకే కూర్చున్నారు. ఇద్దరి మధ్యా సరిహద్దు రాయిలాగా ఒక జాడీ. అందులో చిన్నమామ తన వకీలు కోసం తీసుకుపోతున్న నెయ్యి. ముందు సీటులో, నా పక్కన, మజ్జిగ కుండ కూర్చుంది. వేడి ఒళ్ళని పెద్దమామకు మా పెద్దత్త చేసిచ్చిన ఏర్పాటది. ఆ బండిలో కోపం లేని శాల్తీ ఆ కుండ ఒక్కటే.

తిరుపతి దాటకముందే మొదలైంది.

"ఒరే రత్నం, ఆయన్ని కొంచెం జరగమను. నా సగంలోకి వచ్చినాడు," అన్నాడు చిన్నమామ.

"రత్నం, నేను యాడికీ రాలేదని చెప్పు. నా ఒళ్ళు నా సగంలోనే ఉండాది. పంచె అంచు గాలికి అటు పోయినాది. గాలి మింద గూడా ఒక దావా ఏసుకోమను," అన్నాడు పెద్దమామ.

వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. చెప్పదలుచుకున్నదంతా నా నెత్తిన మోపి అవతలికి పంపేవాళ్ళు. మూరెడు దూరంలో కూర్చున్న మనిషికి వినబడిన మాటే మళ్ళీ నేను వినిపించాలి. వినిపించకపోతే, "ఏంరా, నోరు పడిపోయినాదా?" అని నా మీద పడేవాళ్ళు.

చంద్రగిరి కోట కనబడే వేళకు ఇంజనులోంచి ఒక మోత వచ్చింది. "కీచ్... కీచ్... కీచ్..." కొత్త చెప్పులేసుకున్న మనిషెవరో మూత కింద పచార్లు చేస్తున్నట్టుంది. వేగం పెంచితే వాడు పరిగెత్తుతున్నాడు, తగ్గిస్తే నడుస్తున్నాడు.

"ఏందిరా ఆ సద్దు?" అన్నాడు పెద్దమామ.

"ఏం లేదు మామా."

"ఏం లేకుంటే ఎట్ల మోగుతాది?"

"ఆయన బరువుకురా," అన్నాడు చిన్నమామ. "ఇనుమైనా ఎంతని మోస్తాది? ఏడుస్తాండాదని చెప్పు."

"బరువుకు గాదని చెప్పు. కన్నతండ్రి మాదిరి సాకిన అన్నను కోర్టుకీడ్చినోణ్ణి మోస్తాండానే అని ఏడుస్తాండాది!"

వాళ్ళ రుసరుస, ఇంజను కిచకిచ, నెత్తిన ఎండ. మూడూ కలిసి నా బుర్ర ఉడికిపోయింది. కారాపి, "మీరిద్దరూ కాసేపు గమ్మునుంటారా? ఇంజను సంగతి మీకేం తెలుసు?" అని అరిచాను. మేనమామల మీద నేనలా అరవడం అదే మొదలు. ఇద్దరూ నోరు తెరిచి చూశారు. చూసి, ఒకేసారి, "నీకు తెలుసా?" అన్నారు.

ఇక్కడే నా గ్రహం తిరగబడింది. "తెలీదు మామా" అని రెండు ముక్కలు అని ఉంటే సరిపోయేది. నెమ్మదిగా పోతే చిత్తూరు చేరేవాళ్ళం. అనలేదు. ఎందుకంటాను? మద్రాసు కిటికీ చదువు ఊరుకుంటుందా?

"ఇది బేరింగు," అన్నాను.

"ఏ బేరింగు?"

"మెయిన్ బేరింగు. ఎండిపోయుండాది. నాడి చూసి చెప్తాను ఉండండి."

ఇంజనుకు నాడి ఏమిటంటారా? మద్రాసు షెడ్డులో మేస్త్రీ ఒక కర్రముక్క ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. కిటికీలోంచి అది కనిపించేది. కర్ర ఎక్కడ ఆనించాలో మాత్రం కనిపించేది కాదు. నేను పెద్దమామ చేతిలోని కర్ర అడిగాను.

అది మామూలు కర్ర కాదు. వెండి పిడి ఉన్న మా తాత చేతికర్ర. పంపకాల్లో దాని కోసం అన్నదమ్ములు కొట్టుకున్నంత పని చేసి, చివరికి చీట్లు వేస్తే పెద్దమామకు వచ్చింది. చిన్నమామ ఆ రోజు అన్నం తినలేదట.

"జాగర్తరా, మా నాయనది," అంటూ ఇచ్చాడు పెద్దమామ.

ఇంజను తిరుగుతుండగా మూత ఎత్తాను. వెండి పిడి చెవికి పెట్టుకున్నాను. మేస్త్రీలాగే కళ్ళు మూసుకున్నాను. మేస్త్రీ కర్ర ఆనించాక మూసుకునేవాడు, నేను ఆనించకముందే మూసుకున్నాను. కర్ర కొన నేరుగా ఫ్యాను రెక్కల్లోకి వెళ్ళింది.

"ఠప్!" అని పిడుగు పడినట్టయింది. పిడి నా చెవిని ఒక్క బాదు బాది చేతిలో మిగిలింది. కింది సగం ఎగిరి దూరంగా తుమ్మకంపలో పడింది. ఫ్యానుకు చెక్కు చెదరలేదు. పాడు ఇనుము!

పెద్దమామ నా చేతిలోని పిడి లాక్కున్నాడు. ముఖం వంకాయ రంగుకు తిరిగింది. ఇంతలో చిన్నమామ చరచరా కంపలోకి పోయి, పంచె చిరుగుతున్నా లెక్కచేయకుండా ఆ కింది ముక్క వెతికి పట్టుకొచ్చాడు. గట్టిగా చంకలో పెట్టుకుని అన్నాడు:

"రత్నం, ఆయనకు చెప్పు. ఈ ఒక్కటీ సమంగా పంచినట్టయినాదని."

"రేయ్! నా కర్ర నాకియ్యమని చెప్పరా!"

"పిడి ఆయన వంతు, కాలు నా వంతు. కోర్టుకు జెప్పుకోమను!"

"గమ్మునుండండి!" అని మళ్ళీ అరిచాను. నా చెవి గింగురుమంటోంది. నొప్పికి కోపం తోడైతే మనిషికి జ్ఞానోదయమైనట్టే ఉంటుంది. ఆ ఊపులో, "నాడి దొరికినాది. చమురు లేక అరుస్తాండాది. చమురు పోస్తే నోరు మూస్తాది," అని తీర్పు చెప్పేశాను.

"చమురు యాడుండాది?"

ముగ్గురి కళ్ళూ ఒకేసారి నేతి జాడీ మీదికి పోయాయి.

"తాకినావంటే చేతులిరుస్తా!" చిన్నమామ జాడీని కడుపుకు కరుచుకున్నాడు. "మా వకీలయ్యకు తెచ్చిన వెన్నకాచిన నెయ్యిరా అది!"

పెద్దమామ ముఖంలో ఆ రోజు మొదటిసారి సంతోషం కనబడింది. "రత్నం, నెయ్యే శ్రేష్ఠమని చెప్పు. వాయిదాకు అందకపోతే దావా ఏసినోడికే నష్టమని గూడా చెప్పు."

చిన్నమామ పళ్ళు కొరికాడు, ఎండ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "కొంచెమే," అని జాడీ ఇచ్చాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. పెట్రోలు చుక్కకు కరువైన రోజుల్లో ఇంజనుకు నేతి అభిషేకం మొదలుపెట్టాను.

మోత ఎటు నుంచి వస్తుందో చూశాను. ఫ్యానును తిప్పే బెల్టు దగ్గర ఎక్కువగా ఉంది. తిరుగుతున్న ఆ బెల్టు మీద ధారగా పోశాను. నెయ్యి నా చొక్కా మీద, ముఖం మీద, రోడ్డు మీద చిందింది. బెల్టు మిగతాది తాగింది.

"ఇంగ కొంచెం పొయ్యిరా," అంటాడు పెద్దమామ, వెనకనుంచి.

"చాల్రా, చాలు! ఆయన మాట ఇనొద్దు!" అంటాడు చిన్నమామ.

కీచుమోత సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది.

అయ్యా, ఆ నిశ్శబ్దం! మూత దభీమని వేసి, నేతి చేతులు నా పంచెకే తుడుచుకుని, స్టీరింగు ముందు మహారాజులా కూర్చున్నాను. నేనే మాట్లాడాను. బేరింగులకు దాహమెందుకు వేస్తుంది, దొరల కార్లకు ఏ చమురు వాడతారు, చిత్తూరులో మోటారు షెడ్డు పెడితే నా పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాయించాలి, అన్నీ చెప్పాను. ఇప్పుడు ఆ కుర్రాడు నా ఎదుటపడితే వాడి రెండో చెవి కూడా వాయగొడతాను.

అసలు సంగతేమిటో తరవాత తెలిసింది. ఆ మోత వదులైపోయిన బెల్టుది. కాస్త బిగిస్తే పోయేది. బెల్టు ఫ్యానును తిప్పాలి, ఫ్యాను ఇంజనును చల్లబరచాలి. నెయ్యి తాగిన బెల్టు హాయిగా జారుతోంది. మోత ఆగింది, దాంతోపాటు ఫ్యాను కూడా ఆగింది. ఏడ్చే బిడ్డ నోట్లో గుడ్డ కుక్కి, కడుపునొప్పి తగ్గిందని చెప్పే వైద్యుణ్ణి ఏం చేయాలో మీరే చెప్పండి. వద్దు, చెప్పొద్దు. మామలు చెప్పారు.

చంద్రగిరి దాటి కాశీపెంట్ల వైపు ఎత్తు ఎక్కుతున్నాం. మొదట ముందు నుంచి సన్నగా ఆవిరి వచ్చింది. తరవాత లావుగా వచ్చింది. ఆపైన ముందు రోడ్డు కనబడలేదు. కారు ఒక మూలుగు మూలిగి నిలిచిపోయింది. లోపల కుతకుతమని అన్నం ఉడుకుతున్న చప్పుడు.

"ఇదేందిరా, మెయిన్ బేరింగా?" అన్నాడు పెద్దమామ.

దిగి మూత ఎత్తాను. ఆ ఇనుప గొడ్డు నన్ను పనిగట్టుకుని అవమానిస్తోందనిపించింది. ఏం జరుగుతోందో చూద్దామని పెద్దమామ కూడా దిగి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటరు బిరడా తిప్పాను.

బుస్సుమని తాడిచెట్టంత ఎత్తుకు లేచింది తుప్పునీళ్ళ ధార. నేను పక్కకు గెంతాను. ఆ భారీ శరీరం గెంతలేకపోయింది. తెల్లటి జుబ్బా భుజం నుంచి పొట్టదాకా ఎర్రమన్ను రంగుకు తిరిగింది. పెద్దమామ కేక పెట్టి కూలబడ్డాడు.

అప్పుడు జరిగింది ఒకటి. కారులోంచి చిన్నమామ ఒక్క దూకు దూకి వచ్చాడు. వచ్చి, జుబ్బా పట్టి గుండీలు తెంపుతూ, "అన్నా! కాలినాదా అన్నా? యాడ కాలినాది? సూపించు!" అన్నాడు.

ఏళ్ళ తరవాత నేరుగా అన్న మాట. అన్నవాడు కూడా ఉలిక్కిపడ్డాడు. చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. పెద్దమామ తమ్ముడి ముఖంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. తరవాత కష్టపడి ముఖం నా వైపు తిప్పుకున్నాడు.

"రత్నం," అన్నాడు. "శానా కాల్లేదని... ఆయనకు చెప్పు."

నేను చెప్పాను. అక్కడితో ఊరుకుని, ఒక చెట్టు నీడ చూసుకుని ఇంజను చల్లారేదాకా కూర్చుంటే ఎంత బాగుండేది! కాని పక్కనున్న పట్టాల మీద చిత్తూరు రైలు కూత వేసుకుంటూ పోయింది. కిటికీల్లోంచి జనం మాకు చేతులూపారు. కొందరు నవ్వారు. నాకు మళ్ళీ తిక్క లేచింది.

"నీళ్ళు పొయ్యాల," అన్నాను. పక్కనే సువర్ణముఖి నది ఎండి ఇసుకై ఉంది. చుట్టుపక్కల బావి కనబడలేదు. ముందు సీటులో కుండ కనబడింది.

"రత్నం, అది మజ్జిగరా," అన్నాడు చిన్నమామ.

"నీళ్ళమజ్జిగే గదా? మనిషికి సలవ చేసేది ఇంజనుకు చెయ్యదా?"

ఈ వాక్యం నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను. అని, కుండెత్తి, ఉప్పూ కరివేపాకూ పచ్చిమిరపకాయ ముక్కలతో సహా, నిప్పులా కాగిన ఇంజనులో గబగబా పోశాను. ఒక్క క్షణం గొడవేమీ లేదు. తరవాత లోపలెక్కడో కొబ్బరికాయ కొట్టినట్టు "ఫట్" అని వినబడింది. ఇనుము పగిలిన చప్పుడది. నిలువునా చీలిక. ఆ చీలికలోంచి తెల్లగా, ఉండలు ఉండలుగా, విరిగిన మజ్జిగ కారడం మొదలైంది. వాసన! మాడిన మజ్జిగ, కాగిన నెయ్యి, పెట్రోలు. ఆ వాసనకు దారిన పోయే మేకలు కూడా తుమ్మి పక్కకు తిరిగాయి.

అదే సమయానికి చిత్తూరు పోయే బొగ్గు బస్సు దగ్గుతూ వచ్చి ఆగింది. కండక్టరు ముక్కు ఎగబీల్చి, "ఏమప్పా, మజ్జిగపులుసు కాస్తాండారా? పోపెయ్యడం మర్సిపోయినట్టుండారే!" అన్నాడు. బస్సు బస్సంతా గొల్లుమంది. "ఒక్క మనిషికే జాగా ఉండాది. ఎవరొస్తారు? బిన్నా రండి, ఆలస్యం చెయ్యద్దు."

ఒక్కడు! ఎవడెక్కితే వాడు బోనెక్కుతాడు, మిగిలిపోయినవాడు దావా పోగొట్టుకుంటాడు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అడుగేశారు. ఒకేసారి ఒకరి జుబ్బా ఒకరు పట్టుకున్నారు. కాలిన భుజం, చిరిగిన పంచె, ఏదీ చూసుకోలేదు.

"వదలమనరా వాణ్ణి!"

"ముందు ఆయన్ని వదలమను!"

"అయ్యా, మీరు తేల్చుకునేలోపల నా పొయ్యి ఆరిపోతాది," అని కండక్టరు ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునే ఉన్నారు. దాని పొగ తేలిపోయాక మెల్లగా వదిలారు. వదిలి, ఎందుకో, ఇద్దరూ నా వైపు తిరిగారు.

"చిన్నోడా," అన్నాడు పెద్దమామ నన్నే చూస్తూ. "వీణ్ణి ఏం జేస్తే సరిపోతాది?"

"ఆ పిడి ముక్క నాకియ్యన్నా. సెప్తా," అన్నాడు చిన్నమామ.

నా ద్వారా కాకుండా వాళ్ళు మాట్లాడుకున్న మొదటి సంభాషణ ఇది. మధ్యవర్తి ఉద్యోగం ఆ క్షణమే ఊడింది. నేను వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను. వెనక ధాన్యం బస్తా, ఎండుమిరపకాయ, చెరొక కర్రముక్కతో. ఎదురుగా అడవి బొగ్గుల లారీ ఒకటి వచ్చి నన్ను కాపాడింది. కాపాడింది అంటున్నాను గాని, చిత్తూరుదాకా ముగ్గురం బొగ్గుల బస్తాల మీదే కూర్చున్నాం. దారి పొడుగునా ఇద్దరూ వంతులేసుకుని తిట్టారు. ఒకాయన అలిసిపోతే ఇంకొకాయన అందుకునేవాడు. బొగ్గుపొడి తుప్పునీళ్ళ మీద పడింది, నెయ్యి మీద అతుక్కుంది.

కోర్టు మెట్లెక్కబోతే బంట్రోతు అడ్డం పడ్డాడు. "బొగ్గులు దింపేది ఎనక పక్కయ్యా!"

"నేను ప్రతివాదినిరా!" అని గర్జించాడు పెద్దమామ.

"ఎవరైనా సరే, ఎనక పక్కే."

గొడవ విని వరండాలోంచి ఇద్దరు పెద్దమనుషులు తొంగి చూశారు. పెద్దమామ వకీలు, చిన్నమామ వకీలు. ఒకే బల్ల మీద, ఒకే తమలపాకుల పెట్టె మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన సున్నం రాసిస్తుంటే ఇంకొకాయన వేసుకుంటున్నాడు.

"మీరా! మీ దావా ఈ రోజు లేదు గదా," అన్నాడు చిన్నమామ వకీలు తాపీగా. "పొద్దున్నే ఇద్దరం కలిసి వాయిదా పుచ్చుకున్నాం. ఈయనకు బంధువుల పెళ్ళి. నాకు పంటినొప్పి." అంటూ వక్క పటుక్కున కొరికాడు.

"మాకు చెప్పద్దా?" అన్నాడు చిన్నమామ.

"చెప్పేదానికి టయిమేదీ? అది సరే, నెయ్యి తెచ్చినారా?"

ఆ క్షణాన చిన్నమామ ముఖం చూసిన ఏ వకీలూ ఇంకోసారి నెయ్యి అడగడు. ఆయన చంకలోని కర్రముక్క చేతిలోకి వచ్చింది. పెద్దమామ గబుక్కున తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వకీళ్ళిద్దరినీ ఎగాదిగా చూశాడు. ఆయన ఒక్కసారిగా నిప్పులు కక్కాడు:

"మీరిద్దరూ ఒకే పెట్టెలో ఆకులేసుకుంటారు, మేము మాత్రం గోడ కట్టుకుని సావాల్నా? పదరా చిన్నోడా, ఇంటికి పోదాం. ఈళ్ళకు నెయ్యి పోసే బదులు ఇంజనుకు పోసిందే మేలు!"

నా వైద్యాన్ని మెచ్చుకున్న మాట మొత్తం మీద అదొక్కటే. అది కూడా వకీళ్ళను తిట్టడానికే.

ఆ సాయంత్రం ముగ్గురం రైలెక్కాం. హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు నెలలు తిరక్కముందే పెద్దమనుషుల ముందర తోపు పంచుకున్నారు. నట్టింటి గోడలో తలుపు పెట్టించారు. మళ్ళీ పోట్లాడుకోలేదని కాదు, పోట్లాడేవాళ్ళు, కాని నేరుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుని పోట్లాడేవాళ్ళు. అన్నీ కుదిరాక మిగిలింది కారు.

"నువ్వే తీసుకో అన్నా."

"వొద్దురా, చిన్నోడివి, నీకే ఉండనీ."

"పెద్దోడివి నువ్వుండగా నాకెందుకన్నా?"

ఒకరికొకరు ఇంత ప్రేమగా వదిలిపెట్టుకున్న ఆస్తి ఆ వంశంలో ఇంకొకటి లేదు. చివరికి ఇద్దరూ ఏకగ్రీవంగా నిర్ణయించారు. మేనల్లుడికి మామల కానుక! ఊరంతా ఆహా ఓహో అంది. కాశీపెంట్ల ఎత్తు మీదినుంచి ఆ కానుకను రెండు జతల ఎద్దులతో తిరుపతికి లాక్కొచ్చాను. ఎండలో మాగీ మాగీ అది మా వీధినంతా పులియబెట్టింది. ఇరుగుపొరుగు మా అమ్మతో మాట్లాడడం మానేశారు. చివరికి పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించాను. వాడు మూత ఎత్తి, వాసన చూసి, వెంటనే దించేసి, నా వైపు జాలిగా చూశాడు.

"అప్పా, నేను ఇనుము కొంటాను. ఊరబెట్టిన ఇనుము కొనను," అన్నాడు.

కనుక ఈ కథ చదివిన వారందరి సాక్షిగా, ఏడుకొండలవాడి మీద ఆన పెట్టి చెబుతున్నాను. ఇకమీదట ఏ ఇంజను నా ముందర కీచుమన్నా, మూలిగినా, గుండెలు బాదుకుని ఏడ్చినా, నన్ను పేరు పెట్టి పిలిచి "రత్నం, నన్ను కాపాడు నాయనా" అన్నా సరే, నేను పలకను. చెవుల్లో దూది పెట్టుకుని నడిచి పోతాను.